రిఫరీ వెనక్కి తిరిగినప్పుడు

మొన్న ఆదివారం స్టడీ సర్కిల్ అయిపోయాక చాయ్ దగ్గర నిలబడి ఉన్నాం. ఒక తమ్ముడు నా ఫోన్ తీసుకుని ఏదో పీడీఎఫ్ పంపుకుంటూ గ్యాలరీలో ఒక పాత ఫొటో చూశాడు. నేను, మా మేనల్లుడు, వెనకాల రింగు. ఇద్దరం అరచేతులు మొహం ముందు ఊపుతున్నాం. "సార్, మీరు డబ్ల్యూడబ్ల్యూఈకి పోయిండ్రా?" అన్నాడు. ఆ గొంతులో ఆశ్చర్యం కంటే జాలి ఎక్కువ వినపడింది. పక్కనే ఉన్న ఇంకో మిత్రుడు, రాజకీయ తరగతులు బాగా విన్నవాడు, "అదంత ఉత్తదే కదన్నా, అమెరికా పెట్టుబడి అమ్ముకునే హింస" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

అవును, పోయాను. 2023 సెప్టెంబర్ 8, శుక్రవారం, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. ఫ్రీ పాసు మీద కాదు, టికెట్ కొనుక్కుని పోయాను. గొంతు పోయేదాకా అరిచాను. సోమవారం నాడు నన్నయ పాఠం సగం సైగలతోనే నడిచింది. జనరంజక సంస్కృతి మీద పరిశోధన కోసం పోయానని చెప్పుకుంటే మర్యాదగా ఉంటుంది, పీహెచ్‌డీ ఉన్నవాడికి ఆ సౌకర్యం ఉంది. కానీ అది అబద్ధం. అభిమానిగా పోయాను.

పెట్టుబడి అన్న మాటతో నాకు పేచీ లేదు. పేచీ అంతా "ఉత్తదే కదా" అన్న మాటతోనే.

మాది నిజామాబాద్ జిల్లా. మా వాడకు చిందోళ్లు వచ్చేవాళ్లు. చిందు మాదిగలు మా మాదిగలనే ఆశ్రయించి బతికిన కళాకారులు. మా ఇళ్ల ముందు ఆడటం, మా దగ్గర అడగటం వాళ్ల హక్కు. జాంబపురాణం మాకోసం చెప్పాలి, మిగతా రాత్రుల్లో ఏ ఆట అడిగితే ఆ ఆట. చిందు ఎల్లమ్మ పేరు మీరు వినే ఉంటారు, ఆమెదీ మా జిల్లానే. మా నాయినమ్మకు ప్రాణమైన ఆట సారంగధర. సవతి తల్లి చిత్రాంగి అబద్ధం చెప్తుంది, రాజు నమ్మి కొడుకు కాళ్లు చేతులు నరికిస్తాడు. నాయినమ్మకు ఆ కథ ఎన్నిసార్లు చూసినా మొదటిసారే. చిత్రాంగి వేషం కట్టినామె తెలుసు, ఆమె పిల్లల పేర్లు తెలుసు, ఆమెకు నడుం నొప్పి ఉందనీ తెలుసు. అయినా చిత్రాంగి రాజు ముందు దొంగేడుపు మొదలుపెట్టగానే లేచి నిలబడి, "నీ నోట్ల మన్నువడ" అని శాపనార్థాలు పెట్టేది. తెల్లారి అదే మనిషి, చెంపల మీద అర్దళం మరకలు పూర్తిగా పోకుండానే, బియ్యానికి వాకిట్లోకి వచ్చేది. "ఏందే, పసిపోరని కాళ్లు నరికిస్తివి" అని ఇంకోసారి తిట్టి, చేటెడు బియ్యం పోసి, పైన రెండు ఉల్లిగడ్డలు పెట్టేది నాయినమ్మ. ఆమె నవ్వుకుంటూ జోలె పట్టేది.

మా నాయినమ్మ మోసపోయిందా? ఆమెకు వేషం వేషమని తెలుసు, అన్యాయం అన్యాయమనీ తెలుసు. రెండూ ఒకేసారి తెలిసి ఉండటం ఆమెకు పెద్ద పని కాలేదు. రెజ్లింగ్ వాళ్లు ఈ ఒప్పందానికి కేఫేబ్ అని పేరు పెట్టుకున్నారు. ఫ్రెంచి రచయిత రోలా బార్త్ 1957లో తెచ్చిన 'మిథాలజీస్' పుస్తకంలో మొదటి వ్యాసమే ఈ కుస్తీ గురించి. ఇది పోటీ కాదు, ప్రదర్శన అన్నాడాయన. నేను పీజీలో ఆ వ్యాసం చదివి అబ్బురపడిన మాట నిజం. ఆ తర్వాత నాయినమ్మ గుర్తొచ్చి సిగ్గుపడిన మాట కూడా నిజం.

2003లో నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఎనిమిదో తరగతి. హాస్టల్ మొత్తానికి ఒకే ఒక్క రెజ్లర్ల కార్డుల కట్ట ఉండేది. ఎత్తు, బరువు, ఛాతీ, కండ, ర్యాంకు. ఆడీ ఆడీ అంచులు పీచు పీచు అయిపోయిన కార్డులు. కూడికలు రాని పిల్లలకు కూడా ఎవడి ఛాతీ ఎన్ని అంగుళాలో నోటికొచ్చు. బస్టాండు ఎదురుగా చాయ్ హోటల్లో టెన్ స్పోర్ట్స్ వచ్చేది. ఒక్క చాయ్ కొంటే ముగ్గురిని గోడకు ఆనుకుని నిలబడనిచ్చేవాడు హోటలాయన. గ్లాసు ఖాళీ అయితే పొమ్మంటాడని చాయ్ చల్లారిపోయేదాకా చప్పరించేవాళ్లం.

నా మనిషి బుకర్ టీ. నల్లగా ఉంటాడు, అదొక్కటి చాలు మాకు. ఆ ఏడాది రెజిల్‌మేనియాకు ముందు ట్రిపుల్ హెచ్‌కూ బుకర్ టీకీ తగువు నడిచింది. ఒకరోజు ట్రిపుల్ హెచ్ మైకు పట్టుకుని మాట్లాడాడు. మాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. కానీ "పీపుల్ లైక్ యూ" అన్న మూడు మాటలు గోడకు ఆనుకున్న ముగ్గురికీ అర్థమయ్యాయి. నీలాంటివాళ్లు ప్రపంచ చాంపియన్లు కారు, నువ్వున్నది మమ్మల్ని నవ్వించడానికి, ఒక డ్యాన్సు చెయ్. అతని జుట్టు మీద, అతను కుర్రతనంలో జైలుకు పోయిన సంగతి మీద కూడా మాటలు పడ్డాయని పెద్దయ్యాక మళ్లీ చూస్తే తెలిసింది. ఆ రోజు తెలిసింది ఆ ముఖమే. అలాంటి ముఖం మేం మా ఊళ్లో చూసి ఉన్నాం.

కథ ధర్మం ప్రకారం ఏం జరగాలి? అంత మాట అన్నవాడు నేల కరవాలి. మేం అందుకోసమే ఎదురుచూశాం. 2003 మార్చి 30న సియాటిల్‌లో ట్రిపుల్ హెచ్ గెలిచాడు. అదీ బుకర్ టీని పడగొట్టాక తీరిగ్గా, చాలాసేపు ఆగి, ఒక చెయ్యి వేసి. మూడేళ్లకు బుకర్ టీకి బెల్టు ఇచ్చారు. బెల్టుతో పాటు కిరీటం పెట్టి, రాజుగారి వేషం కట్టించి, దొంగ ఇంగ్లండు యాస మాట్లాడించి, అందరూ నవ్వుకునే పాత్ర చేశారు. నువ్వున్నది నవ్వించడానికి అన్నవాడి మాటే చివరికి నెగ్గింది.

కాబట్టి స్క్రిప్టు ఉందని నాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పదమూడేళ్లప్పుడే తెలుసు. ఆ స్క్రిప్టు రాసేది ఎవరన్నదే నాకు అప్పటి నుంచీ పట్టుకున్న ప్రశ్న.

ఈ ఆటలో ఒక పాత ఎత్తు ఉంది. ఎన్నిసార్లు చూసినా నాకు పాతబడదు. విలన్ ఓడిపోయేలా ఉంటాడు. అతని మనిషి ఒకడు రింగు అంచు మీదికి ఎక్కి రిఫరీతో గొడవ పెట్టుకుంటాడు. రిఫరీ అటు తిరుగుతాడు. ఇటు కుర్చీ దెబ్బ పడుతుంది. హాలు మొత్తం చూస్తుంది. చిన్నపిల్లలు చూస్తారు, నీళ్లు అమ్మేవాడు చూస్తాడు, పై వరసలో ఉన్నవాడు చూస్తాడు. వేల గొంతులు ఒక్కసారిగా అరుస్తాయి, వెనక్కి చూడు, వెనక్కి చూడు అని. రిఫరీ ఇటు తిరిగేసరికి మనవాడు పడి ఉంటాడు. రిఫరీ నిజాయితీపరుడు, చూడనిదాన్ని లెక్కలోకి తీసుకోడు. మోకాళ్ల మీద వంగి ఒకటి, రెండు, మూడు అని నేల చరుస్తాడు.

1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను తరిమి నరికి చంపారు. కొందరి శవాలు గోనె సంచుల్లో కాలువలో దొరికాయి. ఊరు చూసింది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు సాక్ష్యం సరిపోలేదని అందరినీ విడిచిపెట్టింది. ఆ వార్త చదివిన రోజు నాకు వేరే ఏ ఉపమానమూ తోచలేదు. తోచినదాన్ని చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఊచకోత ఎక్కడ, చాయ్ హోటల్ టీవీలో కుర్చీ దెబ్బ ఎక్కడ. ఇప్పటికీ ఆ పోలిక సరైందని వాదించను. కానీ అందరూ చూసినదాన్ని ఒక్క మనిషి చూడకపోవడం, ఆ ఒక్కడి చూపే లెక్కలోకి రావడం ఎలా ఉంటుందో నాకు బొమ్మ కట్టి చూపించింది ఆ ఆటే. సాహిత్య విమర్శ పుస్తకాల్లో నాకది దొరకలేదు.

నా సంగతి చెప్తాను, చిన్నదే. కొన్నేళ్ల కింద ఒక యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ. పేరు వద్దు, ఏ పేరు పెట్టుకున్నా సరిపోతుంది. ఎస్సీ రిజర్వుడు పోస్టు. నాతో పాటు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లందరూ డాక్టరేట్లే. లోపల పదకొండు నిమిషాలు. నా సిద్ధాంత వ్యాసం దేనిమీదని అడగలేదు. "మీ మాటలో కొంచెం మాండలికం పలుకుతోంది" అన్నారు ఒకాయన, ప్రేమగానే. తెలుగు శాఖలో, తెలుగు ఉద్యోగానికి. నెల తర్వాత ఫలితం వచ్చింది. నన్ ఫౌండ్ సూటబుల్. తగినవారెవరూ దొరకలేదు. ఆ బెంచీ మీద ఎవరూ.

2019లో కోఫీ కింగ్‌స్టన్ కథ చూసి నేను ఏడ్చానంటే దానికి కారణం ఇదే. ఘానాలో పుట్టినవాడు, పదకొండేళ్లుగా ఆ కంపెనీలో ఉన్నాడు, పెద్ద బెల్టు దగ్గరికి రానివ్వలేదు. ముస్తఫా అలీకి దెబ్బ తగిలితే బదులుగా ఇతన్ని దింపారు. ఆ రాత్రి గంటకు పైగా ఒకరి తర్వాత ఒకరితో తలపడి జనాన్ని లేపి నిలబెట్టాడు. అప్పటి నుంచి ఏ ఊరు పోయినా కోఫీ, కోఫీ అని కేకలు. కంపెనీ ఏం చేసింది? ఆ కేకలనే కథలోకి తెచ్చుకుంది. యజమాని విన్స్ మెక్‌మాన్ స్వయంగా తెర మీదికి వచ్చి, నువ్వు ఆ స్థాయికి తగినవాడివి కాదన్నాడు. ఐదుగురిని ఓడించు, అప్పుడు చూద్దామన్నాడు. ఐదుగురినీ ఓడించాక, ఇంకొకడున్నాడన్నాడు. నెట్ అయ్యాక పీహెచ్‌డీ, పీహెచ్‌డీ అయ్యాక జర్నల్ వ్యాసాలు, వ్యాసాలయ్యాక "మాండలికం" అన్నట్టు. ఏప్రిల్ 7న కోఫీ గెలిచాడు. పిల్లలు రింగులోకి వచ్చారు, జట్టువాళ్లు ఏడ్చారు, నేను ఒక్కణ్నే గదిలో కూర్చుని లుంగీ కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆరు నెలలకు బ్రాక్ లెస్నర్ చేతిలో పది సెకన్లలోపే ఆ బెల్టు పోగొట్టారు. అదీ చెప్పాలి. ఇచ్చినట్టే ఇచ్చి తీసుకోవడం వాళ్లకూ తెలుసు.

కానీ ఒక తేడా ఉంది, దాన్ని దాటి పోలేను. ఈ కంపెనీ 1989లో న్యూజెర్సీ సెనేట్ ముందు, మాది క్రీడ కాదు, వినోదం అని ఒప్పుకుంది. నీతి కోసం కాదు, క్రీడల కమిషన్ నియంత్రణా పన్నులూ తప్పించుకోవడానికి. అయినా ఒప్పుకుంది. సెలక్షన్ కమిటీలు ఇంకా ఒప్పుకోలేదు. మెరిట్ అన్న మాట ఇప్పటికీ కేఫేబ్‌లోనే ఉంది.

"నిజమైన" కుస్తీ మాటేమిటంటారా? మేం గచ్చిబౌలికి పోయిన ఆ ఏడాదే మే 28న, కొత్త పార్లమెంటు ప్రారంభమైన రోజున, ఒలింపిక్ పతకం తెచ్చిన సాక్షి మలిక్‌ను, వినేశ్ ఫోగట్‌ను ఢిల్లీ రోడ్డు మీద పోలీసులు ఈడ్చుకుపోయారు. సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసినందుకు వాళ్లకు దక్కిన మర్యాద అది. అక్కడా రిఫరీ అటు తిరిగే ఉన్నాడు.

ఇక ఆ సాయంత్రం. ఒక స్నేహితుడు సెంట్రల్ యూనివర్సిటీలో ఉంటే అతని గదిలో సంచులు పెట్టి, మేనల్లుణ్ని తీసుకుని మెయిన్ గేటు నుంచి నడిచే పోయాను. 2016లో రోహిత్, అతని నలుగురు మిత్రులు హాస్టళ్ల నుంచి గెంటివేతకు గురై వెలివాడ వేసుకున్న క్యాంపస్ అది. అక్కడి నుంచి స్టేడియానికి నడిచేంత దూరమే. వాడికి పన్నెండేళ్లు, ఆ సంగతులు ఇంకా చెప్పలేదు. వాడి ధ్యాసంతా జాన్ సీనా మీద. సీనా ఇండియాలో కుస్తీ పట్టడం అదే మొదటిసారి. కంపెనీ ఇక్కడ జనం ముందు షో పెట్టి దాదాపు ఆరేళ్లయింది.

మా సీట్లు బాగా పైన. కింద రింగు చుట్టూ వేసిన కుర్చీల ధర నాలాంటి కాంట్రాక్టు లెక్చరర్‌కు జీతమంత. ఇక్కడ ఒక కథ చెప్పాలి. 1950ల చివర్లో అమెరికాలోని మెంఫిస్‌లో నల్లవాళ్లు రెజ్లింగ్ చూడాలంటే పై బాల్కనీలోనే కూర్చోవాలి, అక్కడ కొన్ని సీట్లే. స్పుత్నిక్ మన్రో అని ఒక తెల్ల రెజ్లర్, పాత్ర పరంగా విలన్. నల్లవాళ్లుండే బీల్ స్ట్రీట్ బార్లలో తిరిగేవాడు, అందుకు పోలీసులు పట్టుకుపోయారు కూడా. కోర్టులో నల్ల లాయరును పెట్టుకున్నాడు. అతనికోసం నల్లవాళ్లు వందలకొద్దీ వచ్చి బాల్కనీ నిండి, మిగతావాళ్లు బయటే నిలబడిపోయేవాళ్లు. వాళ్లను ఎక్కడైనా కూర్చోనివ్వకపోతే నేను రింగెక్కను అన్నాడు మన్రో. నిర్వాహకులు డబ్బు లెక్క వేసుకున్నారు, తలుపులు తెరిచారు. నగరంలో చాలా చోట్ల కంటే ముందు ఆ హాల్లో అందరూ కలిసి కూర్చున్నారు. మంచి మనసుతో కాదు, గల్లాపెట్టెతో జరిగింది. నాకేం ఇబ్బంది లేదు, జరిగింది కదా.

మా వరసలో టోలిచౌకి నుంచి వచ్చిన కుర్రాళ్లు ఐదారుగురు. వీర్, సాంగా అన్న మన దేశపు జోడీ మీద సామీ జేన్, కెవిన్ ఓవెన్స్ దిగారు. జేన్ కెనడాలో పుట్టిన సిరియా ముస్లిం కుటుంబపు మనిషి. కుర్రాళ్లు ఒక్క క్షణం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికోసం అరవాలి? తర్వాత అందరూ కలిసి జేన్ పాట ఎత్తుకున్నారు. నేనూ ఎత్తుకున్నాను. దేశద్రోహం కేసు ఎవరూ పెట్టలేదు.

మన జోడీ ఓడిపోయింది. ఏడడుగుల శాంకీ గుంతర్ చేతిలో ఓడిపోయాడు. మేనల్లుడు నా మోచెయ్యి గుంజాడు. "మామా, మనోళ్లు ఎందుకు ఓడిపోతున్నరు?"

బెల్టు విమానమెక్కి వచ్చింది, విమానమెక్కే పోవాలి రా, అన్నాను. ఢిల్లీ కథ చెప్పాను. 2017లో జిందర్ మహల్‌ను 170 రోజులు చాంపియన్‌గా ఉంచి, ఇండియా షోకు నెల ముందు బెల్టు తీసేసి, డిసెంబర్‌లో ఢిల్లీ జనం ముందే ఓడించారు. ఓడించినవాడు ట్రిపుల్ హెచ్. హైదరాబాద్ షో నాటికి ఆ కంపెనీలో ఎవరు గెలవాలో తేల్చే కుర్చీలో కూర్చున్నదీ అతనే. నీలాంటివాళ్లు అన్న నోరు ఇప్పుడు మైకు ముందు కాదు, కాగితం ముందు ఉంది.

వాడికి ఇంతవరకే చెప్పాను. "మనోళ్లు" అన్న మాట మాత్రం నాలోనే తిరిగింది. ఆ కంపెనీకి భారతదేశం అంటే రెండే వేషాలు. ఒకటి జిందర్‌కు ఇచ్చిన మహారాజా. రెండు, వీర్ మహాన్ నుదుటి మీద అడ్డబొట్టు, మెడలో రుద్రాక్షలు. అతని భక్తి అతనిది, దాంతో నాకు పనిలేదు. ఆ కంపెనీ అమ్మే బొమ్మ గురించి నా మాట. మా నాయిన కల్లంలో ఎత్తిన బస్తాలు ఏ రెజ్లరూ ఎత్తలేదు. మా నాయిన ఆ రింగులోకి పోవాలంటే ఏ వేషం ఇస్తారు? 1980ల్లో సిల్వెస్టర్ రిట్టర్ అనే నల్ల రెజ్లర్‌కు జంక్‌యార్డ్ డాగ్ అని పేరు పెట్టి, మెడకు కుక్క పట్టీ, గొలుసు తగిలించారు. న్యూ ఆర్లీన్స్ నల్లవాళ్లు ఆ గొలుసు వెనకున్న మనిషిని నెత్తిన పెట్టుకున్నారు. ఇచ్చిన వేషంలోంచి మనిషిని బయటికి తీయడం వాళ్లకు చేతనైంది. చిందోళ్ల దగ్గర మా నాయినమ్మకు చేతనైనట్టే.

మిత్రుడి పెట్టుబడి విమర్శకు నా జవాబు వాదన కాదు, చేర్పు. ఆ రెజ్లర్లకు యూనియన్ లేదు. కంపెనీ వాళ్లను ఉద్యోగులని కూడా అనదు, స్వతంత్ర కాంట్రాక్టర్లంటుంది. 1986లో జెస్సీ వెంచురా యూనియన్ మాట ఎత్తితే, హల్క్ హోగన్ ఆ సంగతి యజమానికి చేరవేశాడని తర్వాత కోర్టు విచారణలో బయటపడింది. అదే హోగన్ నల్లవాళ్ల గురించి అన్న మాటల టేపు 2015లో బయటికొచ్చింది. కంపెనీ తీసేసింది, మూడేళ్లకు మళ్లీ తెచ్చుకుంది. 2025 జనవరిలో లాస్ ఏంజెలిస్ దగ్గర అతను జనం ముందుకు వస్తే హాలు మొత్తం ఛీకొట్టింది. కంపెనీ క్షమించింది, బాల్కనీ క్షమించలేదు. మీ పత్రికలో దీని మీద రాయండి, నేను అనువాదం చేసి పెడతాను.

చివరికి సీనా, సేత్ రాలిన్స్ కలిసి గెలిచారు. మొహం ముందు చెయ్యి ఊపాం. ఆ ఫొటోనే తమ్ముడు చూసింది. బయటికి వచ్చేసరికి రోడ్డు పక్కన ప్లాస్టిక్ బెల్టులు అమ్ముతున్నారు. బేరమాడి ఒకటి కొన్నాను. మేనల్లుడు దాన్ని షర్టు మీదే కట్టుకుని, ఎవరూ అడగకపోయినా అందరికీ చూపిస్తూ నడిచాడు. గేటు దగ్గర ఆగి తలెత్తి పైన బోర్డు చదివాడు. ఊరంతా గచ్చిబౌలి స్టేడియం అనే పిలుస్తుంది గానీ, దాని అసలు పేరు అక్కడ రాసి ఉంది. "జి.ఎం.సి. బాలయోగి... మామా, ఈయన కూడ రెజ్లరేనా?"

కాదు రా, అన్నాను. లోక్‌సభలో అందరూ ఒకేసారి అరుస్తుంటే నడిమిట్ల కూర్చుని రెండు వైపులా చూసే పని ఆయనది. 1998లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. అమలాపురం నుంచి గెలిచి పోయాడు, 2002లో హెలికాప్టర్ కూలి చనిపోయాడు.

"అంటే రిఫరీయా?" అన్నాడు వాడు బెల్టు సర్దుకుంటూ. తిరిగి యూనివర్సిటీ గేటు దాకా నడుస్తూ మిగతాది చెప్పాను.